మరగని తొట్టిలో ఎర్ర ఉన్ని

పానిపట్టు అనగానే మనకు బళ్లో బట్టీపట్టిన మూడు యుద్ధాలు గుర్తొస్తాయి. ఎవరు ఎవరిని ఓడించారో పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయి ఉంటాం కానీ ఊరి పేరు మాత్రం మర్చిపోము. ఇప్పుడక్కడ కత్తులు లేవు, కంబళ్లు ఉన్నాయి. ఊరంతా నూలు, ఉన్ని, రంగు తొట్లు. మొన్న జనవరిలో నేను వెళ్లింది చూడ్డానికి కాదు, ఉన్నికి రంగు వేయడానికి. వేసి వచ్చాను. మధ్యలో ఎక్కడ బోల్తా పడ్డానో కూడా దాచకుండా, వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. ఏలూరు దగ్గర ఒక చిన్న రంగుల కంపెనీలో ల్యాబు నా చేతిలో ఉంటుంది. ఏలూరు తివాచీలు నేసే ఊరు కాబట్టి ఉన్ని నాకు చిన్నప్పటి నుంచి చుట్టం. ఉన్నికి రంగు పట్టాలంటే నీళ్లు సలసలా మరగాలి, ఆ మరిగే నీళ్లలో గంటసేపు ఉడకాలి అన్నది అందరూ నమ్మే పద్ధతి. ఉడికితే ఉన్ని గరుకెక్కుతుంది, పోగు బలం తగ్గుతుంది, పైగా బాయిలర్ కింద బోలెడు మండాలి. డెబ్బై డిగ్రీల దగ్గరే పట్టే రంగులు చేయాలని కొన్నేళ్లుగా నా తంటా. రంగు రేణువు మరీ చిన్నదైతే పోగులోకి సులువుగా దూరుతుంది, అంతే సులువుగా ఉతుకులో బయటికొచ్చేస్తుంది. పెద్దదైతే అసలు లోపలికే పోదు. దూరేంత చిన్నగా, దూరాక జారిపోనంత పెద్దగా ఉండాలి. ఆ కొలత నాకు దొరికింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ల్యాబులో గ్లాసంత పాత్రలో దొరికింది మరి. పెద్ద తొట్టిలో వేసి చూస్తానని ముందుకొచ్చినవాళ్లు పానిపట్టులో ఒక్కరే. అందుకే రైలెక్కాను.

మయూర్ విహార్

ఢిల్లీలో దిగి కరుణక్క ఇంటికి వెళ్లాను. ఏలూరులో మా వెనక వీధి అమ్మాయి. నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. గవర్నమెంటు కట్టిన పాత ఫ్లాట్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీస్తూనే నా మెడ చుట్టూ ఒక మఫ్లరు చుట్టేసి, లోపలికి లాగి, అప్పుడు పలకరించింది.

"గీజరు నీళ్లు తప్ప ఇంకేవీ ముట్టుకోకే పద్మా. టంకీ నీళ్లంటే ఇక్కడ ఐసే. చేతులు పగిలిపోతాయి" అంది.

చెప్పిన మాట బుద్ధిగా విన్నాను. ఢిల్లీలో ఉన్నంతసేపూ చన్నీళ్లు తాకలేదు. దాని ఫలితం ముందు ముందు వస్తుంది.

అక్క ఇంట్లో ఉదయం దిబ్బరొట్టె, మధ్యాహ్నం రాజ్మా. నాకు కొడుకు వరసైన ఆమె అబ్బాయికి తెలుగు చెవికెక్కుతుంది కానీ నోటికి రాదు. నేను తెలుగులో అడుగుతాను, వాడు హిందీలో జవాబిస్తాడు, ఇద్దరికీ అర్థమవుతుంది, ఎవరూ మారరు. భోజనం ముందు అక్క కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అన్నానికీ ఆరోగ్యానికీ కృతజ్ఞతలు అయ్యాక, ఈ అమ్మాయి వేసే రంగు చారలు లేకుండా పట్టేట్టు చూడమని దేవుణ్ణి అడిగింది. చారల సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆమెన్ మాత్రం గట్టిగానే అన్నాను.

అనుకోని వైశాలి

సాయంత్రం కరోల్ బాగ్‌కి వెళ్లి తిరిగి వస్తూ మెట్రోలో ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. నా పక్కన ఒక పెద్దావిడ స్వెటరు అల్లుతోంది. ఆ రద్దీలో, ఊగే పెట్టెలో, చూపు కిందికి దించకుండా సూదులు ఆడిస్తోంది. మన వైపు రైళ్లలో మల్లెపూలు కడుతూ వచ్చే ఆడవాళ్లను చూశాను కానీ స్వెటరు అల్లేవాళ్లను చూడలేదు. ఇక ఆగలేక ఉండ ముట్టుకుని చూశాను. వేళ్లకు తెలిసిపోయింది, అది ఉన్ని కాదు, ప్లాస్టిక్ దారం. నోరు ఊరుకోక ఆ మాట అనేశాను.

ఆంటీ సూదులు ఆపింది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం, అసలు ఉన్ని తనకు తెలియక కాదని, మనవడికి అల్లిన అసలు ఉన్ని స్వెటర్ని కోడలు వేడినీళ్లలో వేసి బొమ్మకు తొడిగేంత చేసిందని, అందుకే దీనికి దిగానని చెప్పింది. ఉన్నిని ఎప్పుడూ చన్నీళ్లలోనే ఉతకాలని నాకు పాఠం కూడా చెప్పింది. మరి రంగు వేసేవాళ్లు దాన్ని గంటసేపు ఉడకబెడతారని నేను చెబితే నమ్మలేదు. ఏ పిచ్చివాళ్లు అలా చేస్తారని అడిగింది. అందరూనని చెప్పాను. అలా చేయకుండా ఉండేందుకే నేను వచ్చానని కూడా చెప్పి, మురిసిపోతూ తలెత్తేసరికి స్టేషను పేరు వైశాలి. బ్లూ లైను యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ మయూర్ విహార్ మీదుగా నోయిడాకు పోతుంది, రెండోది ఘజియాబాద్ వైపు వైశాలికి. నేను ఏ కొమ్మ మీద ఉన్నానో చూసుకోలేదు.

ఆంటీ ఇల్లు అక్కడే. దిగి, నన్ను వెనక్కి వెళ్లే బండి ఎక్కించే ముందు బయటికి లాక్కెళ్లి శకర్‌కందీ కొనిపెట్టింది. బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప, మీద నిమ్మకాయ, మసాలా. ఒక దొన్నె నలభై రూపాయలు. మనం చిలగడదుంపకు బెల్లం తప్ప ఇంకేదీ చూపించం. వీళ్లు కారం, పులుపు చూపించారు. దుంపకు అదే నచ్చినట్టుంది, నాకూ నచ్చింది.

మూర్తల్

మర్నాడు పొద్దున్నే పానిపట్టు నుంచి హర్జీత్ గారు తానే కారు వేసుకుని వచ్చారు. పెద్ద తొట్టిలో వేసి చూస్తానన్నది ఈయనే. యాభై దాటిన మనిషి, ముదురు నీలం తలపాగా, మాట తక్కువ. పొగమంచులో ముందు వెళ్లే లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. నేను సీటు అంచు పట్టుకుని కూర్చుంటే ఆయన తీరిగ్గా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నడిపారు.

మూర్తల్‌లో రోడ్డు పొడుగునా ధాబాలే. ఆలూ పరాఠా ఎనభై రూపాయలు. దాని మీద తెల్ల వెన్న పిడికెడు. మన హోటళ్లలో పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలు లెక్కపెట్టినట్టు చల్లుతారు. ఇక్కడ వెన్న వడ్డించే మనిషి చెయ్యి చూస్తే నాకు భయం వేసింది. రెండోది వద్దంటే హర్జీత్ గారు విని ఊరుకున్నారు కానీ వడ్డించేవాడు ఊరుకోలేదు.

ఆ పరాఠాల ముందే హర్జీత్ గారు అసలు సంగతి చెప్పారు. వాళ్ల తాత దేశం రెండైనప్పుడు అటు నుంచి వచ్చి ఈ రంగుల షెడ్డు పెట్టారు. బాయిలర్‌లో ఇన్నాళ్లూ కాల్చిన బొగ్గు ఈ నెలాఖరు దాటితే కాల్చకూడదని సర్కారు ఆర్డరు. గ్యాసు బాయిలర్ పెట్టే తాహతు లేదు. చలికాలం ఊరి మీద పొగ కమ్మితే షెడ్లు మూయిస్తారు, ఆ కాస్త పని కూడా ఆగిపోతుంది. పార్సిళ్ల గోదాము నడిపే ఒకాయన షెడ్డు మొత్తం అద్దెకు అడుగుతున్నాడు, గురువారం పొద్దున వచ్చి ఖాయం చేసుకుంటానన్నాడు. ఆ రోజు మంగళవారం.

"మీ రంగు కరెంటు హీటరు వేడితో పట్టిందనుకోండి, నాకు బాయిలరే అక్కర్లేదు. పట్టలేదనుకోండి, షెడ్డు ఇచ్చేస్తాను. మిమ్మల్ని ఏమీ అనను మేడమ్‌జీ" అన్నారు హిందీలో, ఎటో చూస్తూ.

పడుతుంది అన్నాను. పరాఠా నోట్లో పెట్టుకునే అన్నాను.

పానిపట్టు, మంగళవారం

షెడ్డు పెద్దదే. వరసగా తొట్లు, వాటి మీద కర్రలకు చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా వేలాడే ఉన్ని దారం, కాళ్ల కింద ఎప్పుడూ తడి. ఒక మూల గదిలో బాయిలర్ గుర్రుమంటూ ఉంది. నా కోసం ఒక తొట్టికి కరెంటు హీటర్లు బిగించి ఉంచారు.

అక్కడి రంగుల పనికంతా పెద్ద షరీఫ్ మాస్టర్. గోరింటాకు పెట్టిన గడ్డం, ఏ సబ్బుకూ లొంగని నీలం వేళ్లు. నా మాటంతా మర్యాదగా విని, ఉబాల్ రాకపోతే రంగు పక్కా కాదని ఒకే మాట అన్నారు. ఉబాల్ అంటే మరుగు. మా ఇద్దరికీ వాదన ఏమీ జరగలేదు. ఆయనకు తెలిసిన దాని మీద ఆయనకు నమ్మకం, నాకు తెలిసిన దాని మీద నాకు.

కొత్త రంగు తొట్టిలో పడేముందు అక్కడ అందరూ తలో బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. మా దగ్గరైతే కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయ తొక్కిస్తాం. బెల్లం తిన్నాక పని మొదలైంది. చిలపలను తడి పట్టించే మందు కలిపి మామూలు నీళ్లలో నానబెట్టమన్నాను. నానబెట్టారు. చేతికి తొడుగులు, మెడకు కరుణక్క మఫ్లరు, కాళ్లకు రెండేసి మేజోళ్లు వేసుకుని నేను పక్కన నిలబడ్డాను. తర్వాత రంగు తొట్టిలోకి దించి మెల్లగా వేడి పెంచాం. ముదురు ఎరుపు. కారిపోయే రంగుల్లో మహా మొండిది అదే కాబట్టి కావాలనే అది ఎంచుకున్నాను.

మధ్యలో మాస్టర్ చెయ్యి అలవాటుగా ఆవిరి గొట్టం మర వైపు వెళ్లింది. నేను చూశాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

గంట అయ్యాక చిలప పైకి తీశారు. ఒకచోట ముదురు ఎరుపు, పక్కనే చింతపండు రంగు, విడదీసి చూస్తే లోపల లేత గులాబి. పండకముందే కోసిన పుచ్చకాయ కూడా అంతకన్నా నయం. పనివాళ్లు చూపులు తిప్పుకున్నారు. హర్జీత్ గారు నన్ను చాయ్ తాగమన్నారు. ఆ దయకే నాకు ఏడుపొచ్చింది.

మాస్టర్ ఎగతాళి చేయలేదు. కాసేపు ఆవిరి వదిలి మరిగిస్తే చారలన్నీ సర్దుకుంటాయని, సరుకు పాడుకాదని చెప్పారు. నిజమే, సర్దుకుంటాయి.

"అప్పుడది మరిగించిన ఉన్నే అవుతుంది మాస్టర్‌జీ. నేను అందుకు రాలేదు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

హర్జీత్ గారింట్లో ఆ పూట రోటీలతో పానిపట్టు ఆచార్ వడ్డించారు. కాలీఫ్లవరు, కారట్టు, తామరతూడు, ఇంకా ఏవేవో ఆవనూనెలో కలిసి ఉన్నాయి. ఆవకాయ తిన్న నోటికి అది పచ్చడిలా కాదు, కూరల పెళ్లిలా ఉంది. ఇంకోరోజైతే వంకలు పెట్టి నవ్వించేదాన్ని. ఆ రోజు మనసు తొట్టి దగ్గరే ఉంది. రంగు తప్పు కాదని నాకు తెలుసు, ల్యాబులో అన్నిసార్లు పట్టిన రంగు అబద్ధం చెప్పదు. తప్పు ఎక్కడో బయట ఉంది, అది నాకు కనిపించడం లేదు. కోపమంతా ఆ కనిపించనిదాని మీదే.

పానిపట్టు, బుధవారం

పొద్దున్నే షెడ్డుకు వెళ్లి ముందురోజు చేసిందంతా మొదటి నుంచి ఒక్కొక్కటే చేసి చూద్దామనుకున్నాను. మొదటిది నానబెట్టే తొట్టి. తొడుగు తీసి చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి నాది కాదేమో అనిపించింది. వేళ్లు కొంకర్లు పోయాయి. మఫ్లరులో దాచుకుని, మళ్లీ పెట్టి, అడుగు దాకా దేవాను. తడి పట్టించే మందు నీళ్లలో కలవనే లేదు. చలికి పేరుకున్న నెయ్యిలా అడుగున గడ్డకట్టి ఉంది.

అక్కడే తొట్టి అంచు మీద కూర్చుని నవ్వాను. మామూలు నీళ్లు అన్నాను కదా. ఏలూరు మనిషికి మామూలు నీళ్లంటే సంక్రాంతికైనా వెనకాడకుండా పోసుకునే నీళ్లు. మా కుళాయి నీళ్లు ఎండాకాలంలో కాగినంత పని చేస్తాయి, చలికాలంలో గోరువెచ్చన. చన్నీళ్లు అనే మాట మేము మర్యాదకు వాడుకుంటాం, అంతే. ఇక్కడ రాత్రంతా మంచులో నిలబడ్డ టంకీ నీళ్లు కూడా మామూలు నీళ్లే. ఆ నీళ్లలో ఉన్ని లోపలి దాకా తడవలేదు. తడిసినచోట రంగు ముందు పట్టింది, తడవనిచోట పట్టలేదు. ఇంతోటిదానికి నేను ఒక పూటంతా కుమిలాను.

మాస్టర్‌నీ హర్జీత్ గారినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. హర్జీత్ గారు చెయ్యి ముంచి చూసి భుజాలు ఎగరేశారు. ఆయనకు అవి చల్లగా కూడా అనిపించలేదు. మాస్టర్ మాత్రం గడ్డం నిమురుకుంటూ నిలబడిపోయారు. ఇన్నేళ్లుగా ఇవే నీళ్లలో నానబెడుతున్నాం, మాకెప్పుడూ చారలు రాలేదే అని అడిగారు. మంచి ప్రశ్న. మరిగే నీళ్లలో రంగు ఒకచోట పట్టినా మళ్లీ వదిలి, తిరిగి తిరిగి అంతటా సమంగా సర్దుకుంటుందని, డెబ్బై దగ్గర అలా తిరగదని, ఎక్కడ పట్టిందో అక్కడే ఉండిపోతుందని చెప్పాను.

ఆయన తొట్టి వైపే చూస్తూ, "అంటే మరుగు ఇన్నాళ్లూ మా తప్పులు కప్పుతూ వచ్చిందన్నమాట" అన్నారు.

"మీవి కాదు మాస్టర్‌జీ, చలివి."

ఆ మాటకు ఆయన మొదటిసారి నవ్వారు. రెండోసారి బెల్లం ఆయనే తెప్పించారు.

నానబెట్టే నీళ్లకూ ఒక హీటరు పెట్టారు. ఎంత వేడి కావాలో అంకె చెప్పాను కానీ హర్జీత్ గారు దానికి ఏలూరు పానీ అని పేరు పెట్టేశారు. ఏలూరు పానీ అయిందా, ఇంకొంచెం ఏలూరు కావాలా అని పనివాళ్లు అరుచుకుంటుంటే నాకు గర్వంగా ఉంది. మా ఊరికి ఉత్తరాదిలో ఇలాంటి పేరు వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. ఉన్ని నిండా తడిసింది. పిండితే మెత్తగా, బరువుగా ఉంది. రంగులోకి దించాం. మాస్టర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఈసారి మర వైపు వెళ్లకుండా వాటిని ఆయనే పట్టుకున్నారని నాకు అర్థమైంది.

తీసినప్పుడు ఎక్కడా చార లేదు. విడదీసి చూశాం, లోపల కూడా అదే ఎరుపు. తొట్టి నీళ్లు దాదాపు తేటపడ్డాయి, అంటే రంగంతా ఉన్నిలోకి వెళ్లిపోయింది. చెంపకు ఆనించుకున్నాను. ఉడికిన ఉన్నికి ఉండే గరుకు లేదు. గెలిచాననుకున్నాను.

మాస్టర్ ఇంకా అనుకోలేదు. వాళ్లకొక పరీక్ష ఉంది. రంగు వేసిన పోగుల్ని, వెయ్యని తెల్ల పోగుల్ని సబ్బు నీళ్లలో తడిపి, కలిపి జడ అల్లుతారు. ఆ తడి జడను ఇటుక కింద పెట్టి మర్నాటి దాకా వదిలేస్తారు. ఎరుపు కారే రకమైతే తెలుపు గులాబి అవుతుంది. ఏ ల్యాబు చీటీ తెచ్చినా వాళ్లు నమ్మేది ఆ జడనే. ఆయన అల్లారు, నేను ఇటుక పెట్టాను.

గురువారం

నాకు నమ్మకం ఉంది. నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని పానిపట్టులో తెలిసింది.

షెడ్డుకు వెళ్లేసరికి పనివాళ్లందరూ ఇటుక చుట్టూ ఉన్నారు, ఎవరూ ముట్టుకోలేదు. మాస్టర్ వచ్చి ఇటుక తీసి, జడ పట్టుకుని వెలుతురు కోసం గుమ్మం దాకా నడిచారు. అక్కడ నిలబడి నిదానంగా విప్పారు. ఎరుపు ఒక వైపు, తెలుపు ఒక వైపు. తెల్ల పోగు ఒకటి తీసుకుని కొస నుంచి కొసదాకా వేళ్ల మధ్య జార్చారు. తర్వాత దాన్ని హర్జీత్ గారి చేతిలో పెట్టారు. అది పాలలా తెల్లగా ఉంది. నా కళ్లు నిండాయి. ఎవరు చూస్తారోనని కూడా అనుకోలేదు.

హర్జీత్ గారు ఆ పోగును చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పటికే గోదాము ఆయన కారు వచ్చి ఆగింది. కోటు వేసుకున్న చలాకీ మనిషి. వస్తూనే కొలిచే టేపు తీసి, ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారని అడిగాడు. తిప్పి పంపేస్తారనుకుని నేను హర్జీత్ గారి వైపు చూశాను. ఆయన పంపలేదు. గోదాము ఆయన్ని వెంటబెట్టుకుని తొట్ల మధ్య నుంచి నడిచి, నేరుగా మూల గదిలోకి తీసుకెళ్లారు. బాయిలర్ గుర్రుమంటూనే ఉంది.

"ఈ గది తీసుకోండి. ఈ నెలాఖరుకు ఇనుప సామాను అమ్మేసి ఖాళీ చేస్తాను. షెడ్డు ఇవ్వను" అన్నారు.

షెడ్డు మొత్తం అనుకున్నాం కదా అని వచ్చినాయన గొణిగాడు. హర్జీత్ గారు తల అడ్డంగా ఊపారు. కాసేపటికి గోదాము ఆయన టేపు ఒక కొస వెనక గోడకు ఆనించి, రెండో కొస పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని చూశాడు.

షరీఫ్ మాస్టర్ వెళ్లి అందుకున్నారు. ఇన్నేళ్లూ తాను మంట ఎగదోసిన బాయిలర్ పక్కనుంచి టేపు లాక్కుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగారు. నీలం బొటనవేలితో దాన్ని గడపకు గట్టిగా అదిమి పట్టుకుని, "ఇక్కడిదాకానే" అన్నారు.